రీసెర్చ్ డేటా పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, మన దేశంలో ఏ రూలు ఎక్కడ వర్తిస్తుంది, ఎలా పెట్టాలి

పేపర్ రివిజన్ టైంలో జర్నల్ వాళ్లు ఒక బాక్స్ ఇస్తారు, మీ డేటా ఎక్కడ ఉందో రాయండి అని. ఇన్నాళ్లూ అందులో "అడిగినవాళ్లకి ఇస్తాం" అని ఒక లైను కొట్టేసి దాటేసేవాళ్లే ఎక్కువ. ఇప్పుడు చాలా జర్నల్స్‌లో ఆ లైను నడవట్లేదు, లింకు ఇవ్వండి, డీఓఐ, అంటే ఎప్పటికీ మారని గుర్తింపు లింకు, ఇవ్వండి అంటున్నారు. సరిగ్గా అప్పుడు స్కాలర్ గైడ్ దగ్గరికెళ్లి "సార్, మన డేటా బయట పెట్టొచ్చా" అని అడుగుతాడు, సార్ ఏమో "గవర్నమెంట్ ప్రాజెక్టు కదా బాబూ, రేపెవరైనా అడిగితే ఎవరు సమాధానం చెప్తారు, ఆగు" అంటారు, కథ అక్కడే ఆగిపోతుంది. ఆ "ఆగు" దగ్గర ఇరుక్కున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

మొదట తెలుసుకోవాల్సింది ఏంటంటే మన దేశంలో రీసెర్చ్ డేటా మొత్తానికి కలిపి ఒకే చట్టం అంటూ ఏమీ లేదు. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ డీఎస్టీ ది ఒకటి, బయోటెక్నాలజీ శాఖ డీబీటీ ది ఒకటి, మ్యాపులకి ఒకటి, శాటిలైట్ ఫోటోలకి ఒకటి, మనుషుల వివరాలకి ఇంకోటి, ఇలా ఎవరి కాగితం వాళ్లది. అన్నీ డౌన్‌లోడ్ చేసుకుని చదవడం మొదలుపెడితే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. అంతకంటే ముందు రెండు ప్రశ్నలకి తెల్ల కాగితం మీద జవాబు రాసుకోండి, డబ్బు ఎవరిది, డేటా దేని గురించి. మనుషుల గురించా, జీన్ సీక్వెన్స్‌లా, భూమి మీద ఫలానా చోటు గురించా, లేక ల్యాబ్‌లో మెషిన్ ఇచ్చిన అంకెలేనా. ఈ రెండూ తేలితే ఏ కాగితం చదవాలో అదే తేలిపోతుంది, మిగతావి పక్కన పెట్టేయొచ్చు.

డబ్బు ఎవరిది

కేంద్ర ప్రభుత్వ డబ్బు అయితే అన్నిటికీ పైన ఉన్నది 2012 మార్చిలో గెజిట్‌లో వచ్చిన నేషనల్ డేటా షేరింగ్ అండ్ యాక్సెసిబిలిటీ పాలసీ, అందరూ ఎన్‌డీఎస్ఏపీ అంటారు. డీఎస్టీ తయారుచేసింది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 లో, జనం అడక్కముందే ఆఫీసులు తమంతట తామే సమాచారం బయటపెట్టాలి అని ఉంది కదా, దాని ఆధారంగానే ఇదీ నిలబడింది. సారాంశం ఏంటంటే ప్రభుత్వ డబ్బుతో పుట్టిన డేటాలో సెన్సిటివ్ కానిదంతా జనానికి అందాలి, అది కూడా కంప్యూటర్ చదవగలిగే రూపంలో. డేటాని మూడు రకాలుగా చూస్తుంది, ఎవరైనా తీసుకోగలిగే ఓపెన్, పేరు నమోదు చేసుకుని తీసుకునే రిజిస్టర్డ్, అనుమతి ఉంటేనే ఇచ్చే రెస్ట్రిక్టెడ్. ఏది ఇవ్వకూడదో ప్రతి డిపార్ట్‌మెంట్ తనకంటూ ఒక నెగటివ్ లిస్ట్ తయారు చేసుకోవాలి, ఆ లిస్టులో లేనిది ఇవ్వొచ్చనే లెక్క. అంటే మన సార్ భయపడుతున్నదానికి దాదాపు రివర్స్ అన్నమాట, ఇవ్వకపోవడానికి కారణం చూపించాలి గానీ ఇవ్వడానికి కాదు.

కాకపోతే ఈ పాలసీని చదివినప్పుడు ఒక సంగతి కనిపిస్తుంది, ఇది రాసింది డిపార్ట్‌మెంట్ల కోసం, ల్యాబ్‌లో కూర్చున్న స్కాలర్ కోసం కాదు. నోటిఫై అయిన మూడు నెలల్లో కనీసం 5 ముఖ్యమైన డేటాసెట్లు పెట్టాలి, మిగతావి ఏడాదిలో అని డిపార్ట్‌మెంట్లకి గడువు పెట్టారు. అదే ఏడాది డేటా డాట్ గవ్ డాట్ ఇన్ కూడా మొదలైంది. అందులోకి వెళ్లి చూస్తే పనికొచ్చేవీ ఉన్నాయి, రెండు పేజీల టేబుల్‌ని డేటాసెట్ అని పెట్టినవీ ఉన్నాయి, ఎవరికి వాళ్లే చూసుకోవాలి. డేటా ఎవరి సొత్తు అన్న దానికి కూడా ఆ పాలసీలోనే జవాబుంది, సేకరించిన సంస్థదే. అంటే మీ పర్సనల్ ల్యాప్‌టాప్‌లో ఉన్నంత మాత్రాన మీది కాదు, అలాగని మీ గైడ్ సొంతం కూడా కాదు.

అందుకే పాలసీ కంటే ముందు చదవాల్సింది మీ ప్రాజెక్ట్ శాంక్షన్ ఆర్డర్. దాని వెనక చిన్న అక్షరాల్లో టర్మ్స్ అండ్ కండిషన్స్ ఉంటాయి, ఎవరూ చూడరు, అకౌంట్స్ సెక్షన్‌లో ఫైల్‌లో పడుంటుంది. జిరాక్స్ తీసుకుని డేటా, పబ్లికేషన్, ఐపీ (మేధో హక్కులు) అన్న మాటలు ఎక్కడొచ్చాయో గీత గీసుకోండి, పది నిమిషాల పని. పేటెంట్ వేసే ఆలోచన ఉంటే మాత్రం ముందు యూనివర్సిటీ ఐపీ సెల్‌తో మాట్లాడాకే ఏదైనా బయట పెట్టండి, పబ్లిక్‌లో పెట్టేశాక పేటెంట్ అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

డీబీటీ డబ్బు అయితే కథ ఇంకొంచెం గట్టిగా ఉంటుంది. 2021 జులైలో బయోటెక్ ప్రైడ్ గైడ్‌లైన్స్ అని తెచ్చారు, సీక్వెన్స్‌ల లాంటి పెద్ద పెద్ద బయాలజికల్ డేటా ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో అందులో ఉంది. ఆ డేటా దాచడానికి ఫరీదాబాద్‌లో రీజినల్ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీలో ఇండియన్ బయాలజికల్ డేటా సెంటర్ పెట్టారు, 2022 నవంబర్‌లో ఓపెన్ చేశారు, 4 పెటాబైట్ల స్టోరేజ్‌తో మొదలైంది. అక్కడ రెండు దారులు, ఒకటి వెంటనే గానీ మీరు చెప్పిన తేదీ తర్వాత గానీ అందరికీ కనిపించేది, రెండోది సబ్మిట్ చేసినవాళ్ల అనుమతి ఉంటేనే ఇచ్చేది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో తీసిన 10 వేల మంది జీనోమ్ డేటా కూడా అక్కడే ఉంది, మన హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా ఆ పనిలో ఉంది కదా, 2025 జనవరిలో రీసెర్చర్లకి తెరిచారు, తెరిచారంటే క్లిక్ చేస్తే దిగిపోయేది కాదు, ప్రపోజల్ పెట్టుకుని ఒప్పందం రాసిస్తేనే ఇస్తారు. మనుషుల జీనోమ్‌కి అలాగే ఉండాలి కూడా.

ఇక్కడ చాలామంది కలిపేసుకునే విషయం ఒకటుంది. 2014 డిసెంబర్‌లో డీబీటీ, డీఎస్టీ కలిసి ఓపెన్ యాక్సెస్ పాలసీ తెచ్చాయి, అది ప్రధానంగా పేపర్ల గురించి. యాక్సెప్ట్ అయిన మాన్యుస్క్రిప్ట్‌ని రెండు వారాల్లోపు రిపాజిటరీలో, అంటే ఆన్‌లైన్‌లో దాచే చోట వేయాలి, జర్నల్ ఎంబార్గో, అంటే కొంతకాలం బయట పెట్టొద్దన్న షరతు ఉంటే సైన్స్‌కి 6 నెలలు, సోషల్ సైన్స్‌కి 12 నెలలు మించకూడదు అని. పేపర్ వేసినంత మాత్రాన డేటా ఇచ్చినట్టు కాదు. అలాగే "శోధ్‌గంగలో థీసిస్ అప్‌లోడ్ అయిపోయింది కదా, అందులో టేబుల్స్ అన్నీ ఉన్నాయి" అంటారు, పీడీఎఫ్‌లో 147వ పేజీలో అడ్డంగా స్కాన్ చేసిన టేబుల్‌ని ఎవరు మళ్లీ టైప్ చేసుకుంటారండీ.

వ్యవసాయ పరిశోధన మండలి ఐకార్ వాళ్లకి కృషి పోర్టల్ ఉంది, సోషల్ సైన్స్ సర్వేలకి ఐసీఎస్ఎస్ఆర్ డేటా సర్వీస్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టు అయితే రాష్ట్రం రూల్ చూడాలి, తెలంగాణకి 2016 నుంచి సొంత ఓపెన్ డేటా పాలసీ, పోర్టల్ ఉన్నాయి. ఇవి ఇంతకంటే ఎక్కువ చెప్పను, మీ సబ్జెక్ట్ వాళ్లకి ఇప్పటికే తెలిసే ఉంటాయి.

ఒక ప్రాజెక్ట్ తీసుకుని చూద్దాం

పాలసీలు విడివిడిగా చెప్తే ఎక్కవు, అందుకే ఒక ఊహా ప్రాజెక్ట్ అనుకుందాం. నల్గొండ వైపు మర్రిగూడ, మునుగోడు మండలాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పని. డీఎస్టీ డబ్బు. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి బోర్ల నుంచి శాంపిల్స్ తీశారు, స్కూలు పిల్లల పళ్లు చూసి ఫ్లోరోసిస్ స్కోర్ వేశారు, ఫోన్‌లో జీపీఎస్ పాయింట్లు నోట్ చేశారు, ఒక ఊరి మీద డ్రోన్ ఎగరేసి మ్యాప్ చేశారు, రెండు బోర్ల నుంచి బ్యాక్టీరియా తీసి సీక్వెన్స్ చేయించారు. ఒకటే ప్రాజెక్ట్, కానీ డేటా ఐదు రకాలు, ఒక్కోదానికి ఒక్కో దారి. మన దగ్గర ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే, మొత్తం ఒకే జిప్ ఫైల్ చేసి పెట్టేద్దామా లేక మొత్తం దాచేద్దామా అని ఆలోచిస్తారు. విడగొట్టండి.

నీళ్ల అంకెలు, అంటే పీహెచ్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), ఫ్లోరైడ్ లాంటివి, ఎవరి వ్యక్తిగత విషయమూ కాదు, ఎన్‌డీఎస్ఏపీ లెక్కన ఓపెన్‌గా పెట్టదగ్గవే. మీరు మధ్యలో భూగర్భ జల బోర్డు వాళ్ల పాత రీడింగులు కూడా కలుపుకుని ఉంటే అవి మీవి కాదు కాబట్టి వేరే ఫైల్‌లో ఉంచి, ఎక్కడ నుంచి తీసుకున్నారో, ఏ తేదీన దించుకున్నారో రాయండి. ప్రభుత్వ డేటాకి 2017లో వచ్చిన గవర్నమెంట్ ఓపెన్ డేటా లైసెన్స్ వర్తిస్తే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, ఇచ్చినవాళ్ల పేరు, సోర్స్, లైసెన్స్ చెప్పడం మాత్రం తప్పనిసరి. పర్సనల్ వివరాలకి, ప్రభుత్వ లోగోలకి ఆ లైసెన్స్ వర్తించదు. సైట్‌లో లైసెన్స్ ఏదీ రాసి లేకపోతే ఒక మెయిల్ పెట్టి అడిగి ఆ జవాబు దాచుకోండి.

జీపీఎస్ పాయింట్ల గురించి ఇంకా పాత భయమే నడుస్తోంది, మ్యాపు పెడితే కేసవుతుంది అని. 2021 ఫిబ్రవరి 15న డీఎస్టీ ఇచ్చిన జియోస్పేషియల్ గైడ్‌లైన్స్‌తో మ్యాపులకి కావాల్సిన లైసెన్సులు, ముందస్తు అనుమతులు మన దేశ సంస్థలకి ఎత్తేశారు. కానీ అందులో ఒక గీత ఉంది, అడ్డంగా 1 మీటరు, ఎత్తులో 3 మీటర్ల కంటే సన్నని కచ్చితత్వం ఉన్న డేటా మన దేశ సంస్థల చేతిలోనే ఉండాలి, దాచడం, ప్రాసెస్ చేయడం ఇండియాలోనే జరగాలి. మామూలు ఫోన్ జీపీఎస్‌కి కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి బోరు పాయింట్లకి బాధ లేదు. డ్రోన్ మ్యాప్ సంగతి వేరు, అది సెంటీమీటర్ల లెక్కలో ఉంటుంది, దాన్ని తీసుకెళ్లి జెనోడో అనే ఫ్రీ డేటా సైట్‌లో పడేస్తే ఆ సర్వర్లు ఉన్నది సెర్న్‌లో, అంటే యూరప్‌లో. ఈ ముక్క చాలామందికి తట్టదు. డ్రోన్ ఫైల్ యూనివర్సిటీ సర్వర్‌లో ఉంచుకుని దాని వివరం మాత్రం, అంటే ఏ ఊరు, ఏ తేదీ, ఏ రిజల్యూషన్, కావాలంటే ఎవరిని అడగాలి అన్నది పబ్లిక్‌లో పెట్టండి, దాన్నే మెటాడేటా మాత్రమే ఇవ్వడం అంటారు.

బ్యాక్టీరియా సీక్వెన్స్ ఫరీదాబాద్ సెంటర్‌లోని ఇండియన్ న్యూక్లియోటైడ్ డేటా ఆర్కైవ్‌కి. అక్కడ ఇచ్చే యాక్సెషన్ నంబరే, అంటే ఆ డేటా గుర్తింపు నంబరే పేపర్లో రాయాలి. సబ్మిట్ చేసేటప్పుడు శాంపిల్ ఎక్కడిది, ఎప్పుడు తీశారు, ఎలాంటి నీళ్లు, ఏ మెషిన్ మీద సీక్వెన్స్ చేశారు అని వరసగా అడుగుతారు, కాబట్టి ఆ వివరాలన్నీ శాంపిల్ తీసిన రోజే నోట్ చేసుకుంటే సరి, లేదంటే రెండేళ్ల తర్వాత ఫ్రీజర్‌లో ట్యూబు మీద చెరిగిపోయిన మార్కర్ గీతలు చూస్తూ కూర్చోవాలి.

పిల్లల డేటా దగ్గర మాత్రం ఆగాలి

ఇక్కడ సార్ చెప్పిన "ఆగు" కరెక్టే. పిల్లల పేర్లు తీసేశాం కదా అనుకుంటారు. ఫైల్‌లో ఒక వరస చూడండి, ఊరు, తరగతి 5, ఆడపిల్ల, వయసు 10, ఫ్లోరోసిస్ స్కోర్ 4. ఆ ఊరి స్కూల్లో అయిదో తరగతిలో ఆడపిల్లలే ముగ్గురు ఉంటే, అందులో పళ్లు బాగా గారపట్టిన పిల్ల ఎవరో ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది. పేరు తీసేయడం వల్ల ఒరిగింది ఏమీ లేదు. ఊరి బదులు మండలం పెట్టాలి, వయసు బదులు 6 నుంచి 9, 10 నుంచి 13 లాంటి గ్రూపులు పెట్టాలి, అప్పటికీ ఒక గ్రూపులో మరీ కొద్దిమందే మిగిలితే వాటిని కలిపేయాలి. బోరు ఫైల్‌లో ఊరు పేరుండి, పిల్లల ఫైల్‌లో బోరు నంబరుంటే రెండూ కలిపి మళ్లీ ఊరు పట్టేయొచ్చు, ఈ లింకు కూడా తెంచాలి లేదా పిల్లల ఫైల్‌ని అనుమతి ఉంటేనే ఇచ్చే వైపు పెట్టాలి.

రూల్స్ సంగతి చూస్తే వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన ఎథికల్ గైడ్‌లైన్స్ ప్రకారం పిల్లలైతే తల్లిదండ్రుల కన్సెంట్ కావాలి, 7 నుంచి 12 ఏళ్ల వాళ్ల దగ్గర నోటిమాటగా, ఆ పైన 18 లోపు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అసెంట్, అంటే పిల్లల సొంత ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 18 దాటని ప్రతి ఒక్కరినీ పిల్లలుగానే చూస్తుంది. అదే చట్టం సెక్షన్ 17 లో రీసెర్చ్‌కీ, స్టాటిస్టిక్స్‌కీ ఒక మినహాయింపు ఉంది, ఆ డేటాతో ఆ మనిషి మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, చెప్పిన ప్రమాణాలు పాటించాలి అన్న షరతుల మీద. రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఈ మినహాయింపు ఉంది కదా అని పేర్లతో సహా ఫైల్ పబ్లిక్‌లో పెట్టేయొచ్చు అనుకుంటే మాత్రం పొరపాటు, అది మీరు ల్యాబ్‌లో పని చేసుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు, ఎథిక్స్ కమిటీ చెప్పింది ఎలాగూ పాటించాల్సిందే.

అసలు కీలకం కన్సెంట్ ఫారంలో ఉంటుంది. మన దగ్గర తిరిగే పాత ఫారాల్లో "మీ వివరాలు రహస్యంగా ఉంచబడును, ఈ అధ్యయనానికి మాత్రమే వాడబడును" అని ఉంటుంది, దాన్నే ఒకరి నుంచి ఒకరు కాపీ కొడుతూ వస్తారు. ఆ వాక్యం మీద సంతకం పెట్టించుకున్నాక ఇక షేర్ చేయడానికి దారి మూసుకుపోయినట్టే. దాని బదులు మామూలు మాటల్లో ఇలా రాయండి: "మీ పేరు, ఊరు, ఫోన్ నంబర్ తీసేసిన తర్వాత ఈ సమాచారం వేరే పరిశోధకులకి కూడా ఇవ్వొచ్చు. ఇది మీకు ఇష్టమైతే ఇక్కడ టిక్ పెట్టండి, ఇష్టం లేకపోయినా ఈ సర్వేలో పాల్గొనవచ్చు." ఎథిక్స్ కమిటీకి వెళ్లే ముందే ఈ లైను పెట్టాలి, డేటా తీసేశాక మళ్లీ ఊళ్లు తిరిగి సంతకాలు పెట్టించడం అయ్యే పని కాదు.

ఫారిన్ వాళ్లతో కలిసి హెల్త్ రీసెర్చ్ చేస్తుంటే ఇంకో మెట్టు ఉంది, హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి, ఐసీఎంఆర్ ద్వారా వెళ్లాలి. అటు అమెరికాలో ఆరోగ్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 2023 జనవరి 25 నుంచి, సైంటిఫిక్ డేటా పుట్టే రీసెర్చ్‌కి గ్రాంట్ అడిగేవాళ్లని డేటా ప్లాన్, అంటే డేటాని ఎలా చూసుకుంటారో, ఎలా పంచుకుంటారో చెప్పే కాగితం అడుగుతోంది. అక్కడి మన తెలుగువాళ్లు ఇక్కడి ల్యాబ్‌ని పార్ట్‌నర్‌గా పెట్టుకుని "అన్నా, డేటా అంతా మా రిపాజిటరీలో వేసేస్తాం" అని ప్లాన్‌లో రాసేస్తుంటారు, ఇక్కడి కన్సెంట్ ఫారం, కమిటీ అనుమతి దానికి ఒప్పుకుంటాయో లేదో సబ్మిట్ చేయకముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి.

ఫైల్ సరిగ్గా లేకపోతే పాలసీ ఏం చేస్తుంది

నిజం చెప్పాలంటే చాలా డేటా బయటికి రాకపోవడానికి కారణం రూల్స్ కాదు, ఆ ఎక్సెల్ ఫైల్ ఎవరికైనా చూపించడానికి సిగ్గుగా ఉండటం. "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ సార్ కరెక్షన్స్" అని మూడు ఫైళ్లు. తెరిస్తే మొదటి వరసలో యూనివర్సిటీ పేరు నాలుగు సెల్స్ కలిపి మధ్యలో పెద్ద అక్షరాలతో, డేటా అయిదో వరస నుంచి. తేదీ 03/04/2022 అని, అది మార్చి 4 ఆ, ఏప్రిల్ 3 ఆ చూసేవాడికి తెలీదు, 2022-04-03 అని ఏడాది ముందు పెట్టి రాస్తే గొడవే లేదు. "ఎఫ్" అని కాలమ్, యూనిట్ లేదు. మించిపోయిన విలువలకి ఎర్ర రంగు వేశారు, సీఎస్‌వీగా, అంటే రంగులేవీ లేని సాదా ఫైల్‌గా సేవ్ చేస్తే రంగు ఎగిరిపోతుంది, అందులో దాచుకున్న సమాచారం కూడా దాంతోనే పోతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కి జాతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు, ఈ హద్దు దాటిందా లేదా అన్నది రంగుతో కాకుండా పక్కన ఇంకో కాలమ్ పెట్టి అవును, కాదు అని రాయాలి.

ఇంకా ముఖ్యం ఖాళీ సెల్ సంగతి. ఖాళీ అంటే శాంపిల్ తీయలేదా, బోరు ఎండిపోయిందా, మెషిన్ పట్టుకోలేనంత తక్కువ వచ్చిందా? ఒక్కోసారి మూడూ ఒకే ఫైల్‌లో ఖాళీగానే ఉంటాయి, ఇంకొకరు దాన్ని సున్నా అనుకుని సగటు తీసేస్తారు. ఇది ఎలా చేయాలో హైదరాబాద్‌లోనే నేర్చుకోవచ్చు, ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో వదిలే కొలత పరికరాలు) డేటా చూస్తారు కదా. సముద్రంలో ఆ ఫ్లోట్ 2000 మీటర్ల లోతుకి వెళ్లి పది రోజులకోసారి పైకొస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తుంది, ఆ రీడింగ్ ఒక రోజులోనే ప్రపంచమంతా ఉచితంగా తీసుకోగలిగేలా వెళ్తుంది. తప్పు రీడింగ్ వస్తే వాళ్లు దాన్ని డిలీట్ చేయరు, ప్రతి అంకె పక్కన ఒక క్వాలిటీ ఫ్లాగ్ ఉంటుంది, 1 అంటే బాగుంది, 4 అంటే చెడిపోయింది, 9 అంటే అసలు లేదు. మీ బోరు ఫైల్‌లో కూడా ఫ్లోరైడ్ కాలమ్ పక్కన ఇలాంటి ఒక ఫ్లాగ్ కాలమ్ పెట్టేయండి, తర్వాత వచ్చే సగం ప్రశ్నలు ఆగిపోతాయి.

చంద్రయాన్ డేటా కూడా ఒకసారి తెరిచి చూడమంటాను, ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో లాగిన్ పెట్టుకుంటే చాలు, చంద్రయాన్ 2 ది 2020 డిసెంబర్ నుంచి, 3 ది 2024 ఆగస్టు నుంచి ఉంది. అక్కడ ప్రతి డేటా ఫైల్‌కి జతగా ఒక లేబుల్ ఫైల్ ఉంటుంది, ఏ పరికరం, ఏ సమయం, ఏ యూనిట్ అని మొత్తం అందులోనే. మీ స్థాయిలో దానికి సమానం రీడ్‌మీ అనే ఒక టెక్స్ట్ ఫైల్. ప్రతి కాలమ్‌కీ పేరు, అర్థం, యూనిట్, ఏ మెషిన్‌తో కొలిచారు, ఎంత తక్కువ వరకు పట్టుకుంటుంది, ఖాళీ అంటే ఏంటి. పక్క ల్యాబ్‌లో వాడికి ఆ రెండు ఫైళ్లు ఇచ్చి మిమ్మల్ని ఏమీ అడక్కుండా మీ పేపర్లో టేబుల్ 2 మళ్లీ తెప్పించమనండి, వాడు ఎక్కడ ఆగాడో అక్కడ రీడ్‌మీలో ఇంకో లైను పడాలి.

శాటిలైట్ ఫోటోలు వాడినవాళ్లకి ఒక మాట, 2023 ఇండియన్ స్పేస్ పాలసీ ప్రకారం 5 మీటర్లు, అంతకంటే ముతక రిజల్యూషన్ డేటా అందరికీ ఫ్రీ, బాలానగర్‌లో ఉన్న ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్సీ వాళ్ల భూనిధి పోర్టల్‌లో దొరుకుతుంది. దాన్నుంచి దించిన ఒరిజినల్ సీన్‌ని మీరు మళ్లీ అప్‌లోడ్ చేయక్కర్లేదు, సీన్ ఐడీ, తేదీ రాసి దాని మీద మీరు చేసిన మ్యాపు, వాడిన కోడ్ పెడితే చాలు.

ఎక్కడ పెట్టాలి, ఏ లైసెన్స్

మీ సబ్జెక్ట్‌కి ప్రత్యేకమైన రిపాజిటరీ ఉంటే అదే మొదటి ఛాయిస్, సీక్వెన్స్‌లకి చెప్పాను కదా. లేకపోతే మీ సంస్థ రిపాజిటరీ. అదీ లేకపోతే జెనోడో లాంటి జనరల్ చోటు, ఫ్రీ, ఒక రికార్డులో 50 జీబీ వరకు పడుతుంది, డీఓఐ ఇస్తుంది. గూగుల్ డ్రైవ్ లింక్ మాత్రం వద్దు, స్కాలర్ పాసై వెళ్లిపోయాక యూనివర్సిటీ మెయిల్ మూసేస్తారు, ఆ లింకు కూడా దాంతోనే పోతుంది. లైసెన్స్ దగ్గర చాలామంది తెగ ఆలోచిస్తారు, మామూలు అంకెల డేటాకి సీసీ బై చాలు, ఎవరైనా వాడుకోవచ్చు మీ పేరు చెప్పాలి. నాన్ కమర్షియల్ అని పెడితే గొప్ప రక్షణ అనుకుంటారు, నా లెక్కలో అది ఎక్కువగా అడ్డుపడేది మంచి ఉద్దేశంతో వాడుకునే చిన్న స్టార్టప్‌కో ఎన్జీఓకో.

"ముందే పెట్టేస్తే ఎవరో పేపర్ రాసేసుకుంటారు" అన్న గైడ్ భయం నిజమైనదే, కొట్టిపారేయకండి. దానికి మందు ఎంబార్గో. రికార్డు ఇప్పుడే పెట్టి ఫైళ్లు ఫలానా తేదీ తర్వాత తెరుచుకునేలా సెట్ చేయొచ్చు, డీఓఐ ఇవాళే వస్తుంది. ఇస్రో ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో కూడా అంతే, అబ్జర్వేషన్ ప్రపోజల్ పెట్టినవాళ్లకి కొంతకాలం ఆ డేటా వాళ్లకే ఉంటుంది, తర్వాత అందరికీ. తేదీ రాయకుండా "తర్వాత పెడతాం" అంటే మాత్రం అది ఎప్పటికీ జరగదు.

ప్లాన్ రాయడం, జర్నల్ బాక్స్ నింపడం

ఇదంతా అయ్యాక ప్లాన్ రాయడం పెద్ద పని కాదు, ఒకటిన్నర పేజీ. ఏ ఏ డేటా పుడుతుంది, ఏ ఫార్మాట్, ఎవరు చూసుకుంటారు, ప్రాజెక్ట్ నడిచేటప్పుడు బ్యాకప్ ఎక్కడ, ఏది ఎప్పుడు ఓపెన్, ఏది అనుమతితో, ఏది ఇవ్వలేం ఎందుకు, అయిపోయాక ఎక్కడ ఉంటుంది. "జాతీయ, అంతర్జాతీయ ప్రమాణాలకు అనుగుణంగా డేటా నిర్వహించబడును" లాంటి వాక్యాలు ఎన్ని రాసినా చదివేవాడికి ఏమీ చెప్పవు, తీసేయండి. ప్లాన్‌లో ఒక మనిషి పేరో పోస్టో ఉండాలి, జేఆర్ఎఫ్ (ప్రాజెక్ట్‌లో పనిచేసే జూనియర్ ఫెలో) మారిపోతే ఎవరు చూస్తారో కూడా ఉండాలి. స్టోరేజ్‌కో, డేటా శుభ్రం చేసే మనిషికో డబ్బు కావాలంటే బడ్జెట్‌లో ఇప్పుడే అడగాలి, శాంక్షన్ అయ్యాక ఆ హెడ్ పుట్టదు.

జర్నల్ బాక్స్‌లో మన నల్గొండ ప్రాజెక్టుకి ఇలా రాయొచ్చు: "నీటి నాణ్యత డేటా ఫలానా డీఓఐ దగ్గర సీసీ బై కింద ఉంది. సీక్వెన్స్‌లు ఇండియన్ న్యూక్లియోటైడ్ డేటా ఆర్కైవ్‌లో ఫలానా నంబరుతో ఉన్నాయి. పిల్లల ఆరోగ్య డేటాలో గుర్తుపట్టే అవకాశం ఉన్నందున ఎథిక్స్ కమిటీ అనుమతితో మాత్రమే ఇస్తాం, అభ్యర్థన డిపార్ట్‌మెంట్ ఈమెయిల్‌కి పంపాలి. డ్రోన్ మ్యాప్ 2021 జియోస్పేషియల్ గైడ్‌లైన్స్ ప్రకారం దేశంలోని సర్వర్‌లో ఉంది." నాలుగు ముక్కలు, ఎడిటర్ మళ్లీ అడగడానికి ఏమీ ఉండదు.

పెట్టాక తప్పు కనిపిస్తే పాతది తీసేయకండి. కొత్త వెర్షన్ అప్‌లోడ్ చేయండి, జెనోడోలో ప్రతి వెర్షన్‌కీ విడిగా డీఓఐ, మొత్తానికి కలిపి ఇంకో డీఓఐ ఉంటాయి, పేపర్లో మీరు నిజంగా వాడిన వెర్షన్ డీఓఐ ఇవ్వండి. రీడ్‌మీ అడుగున ఏ తేదీన ఏ కాలమ్‌లో ఏం మారిందో రెండు లైన్లు రాయండి, కాంటాక్ట్ దగ్గర స్కాలర్ మెయిల్ బదులు డిపార్ట్‌మెంట్ మెయిల్, పక్కన మీ ఆర్కిడ్ నంబర్ (పరిశోధకులకి ఇచ్చే శాశ్వత గుర్తింపు) పెట్టండి, మీరు ఏ ఊళ్లో ఏ ఉద్యోగంలో ఉన్నా అడగాల్సినవాళ్లు దాంతో పట్టుకుంటారు.